చిక్కపేటకు వచ్చిన బండ్లు: ఇరుసు, కందెన, బేరింగుల చరిత్ర

నగరముల చరిత్ర వ్రాయువారు స్థాపకుని పేరును, కోట కట్టిన సంవత్సరమును, ముట్టడులు జరిగిన తేదీలను, దేవాలయములందలి శాసనములను ముందుగా పేర్కొందురు. వర్తకమును గూర్చి చెప్పవలసి వచ్చినపుడు ఏ సరకు వచ్చినదో, ఏ సరకు పోయినదో చెప్పుదురు. ఆ సరకు ఏ వాహనముమీద వచ్చినది, ఆ వాహనపు చక్రము దేనిమీద తిరిగినది, అది అరిగిపోయినపుడు దానిని ఎవరు ఏ విధముగ బాగుచేసిరి అను విషయము మాత్రము చాలవరకు చరిత్రకు వెలుపలనే యుండిపోవుచున్నది. బెంగుళూరు చిక్కపేటవంటి వర్తక స్థానమునకు ఇది చిన్న లోపము కాదు. ఏలయన పేట యనగా సరకు దిగు చోటు. సరకు దిగవలెనన్న చక్రము తిరుగవలెను. చక్రము తిరుగవలెనన్న ఇరుసు బాగుగ నుండవలెను.

ఈ వ్యాసమున ఇరుసు, కందెన, బేరింగు అను మూడింటి చరిత్రను చిక్కపేటను కేంద్రముగ జేసికొని పరిశీలింప యత్నించెదను. నేను నిరూపింపదలచిన విషయ మొక్కటే. ఒక యంత్రభాగము ఒక దేశమున నిలుచుట దానిని కనిపెట్టిన తేదీనిబట్టి కాదు. అది చెడినపుడు సరిచేయువాడు ఎంత చేరువలో నున్నాడను దానినిబట్టి. 1794లోనే ఇంగ్లండు ప్రభుత్వమువారి పేటెంటు పొందిన బండి బేరింగు మన యెద్దుబండిని చేరుటకు దాదాపు 140 ఏండ్లు పట్టెను. దీనికి మనవారి యజ్ఞానమే కారణమని తేలికగ ననుకొనువారు గలరు. ఆ యభిప్రాయము సరికాదని ఈ క్రింది విషయములు తెలుపును.

పేట, ఎద్దు

బెంగుళూరు పేటను 1537లో కెంపేగౌడ స్థాపించెనని ప్రసిద్ధి. నాగళ్లకు ఎడ్లను గట్టి ఒక నడుమ చోటినుండి నాలుగు దిక్కులకు దోలగా, పడిన చాళ్లే మొదటి వీథులైనవని ఐతిహ్యము. దొడ్డపేట, చిక్కపేట కలియు కూడలియే ఆ చోటు. దొడ్డపేట వీథి నేడు అవెన్యూ రోడ్డను పేర నున్నది. తూర్పు పడమరలుగ సాగు వీథి చిక్కపేట. ఐతిహ్యమునందలి సత్యాసత్యము లెట్లున్నను, ఈ నగరమునకు మొదటి కొలబద్ద ఎద్దు నడక యని జనులు నమ్మియుండుట గమనింపదగినది.

చిక్కపేట చుట్టునున్న పేటల పేర్లు సరకుల పట్టికవలె నుండును. బియ్యమునకు అక్కిపేట, ప్రత్తికి అరళెపేట, ధాన్యమునకు తరగుపేట, గాజులకు బళెపేట, కుండలకు కుంబారపేట, నూనెకు గాణిగరపేట. ఈ పేటలలో కన్నడముతో బాటు తెలుగును మొదటినుండి వినబడుచు వచ్చినది. బలిజ వర్తకులు, నేతవారు పలువురు ఇండ్లలో తెలుగే మాటలాడిరి. కెంపేగౌడ తెలుగున గంగాగౌరీవిలాసమను యక్షగానమును రచించెనని వాఙ్మయ చరిత్రకారులు చెప్పుదురు. కాబట్టి ఈ పేటల బండ్ల చరిత్ర తెలుగువారికి పరాయి చరిత్ర కాదు.

ఎద్దు బరువునుండి బండి బరువునకు

పేట పుట్టిన నాటినుండియు సరకంతయు బండ్లమీదనే వచ్చినదని తలంచుట పొరపాటు. బహుకాలము ఎద్దు బండిని లాగుటకంటె బరువును వీపున మోయుటయే యెక్కువ. ఎద్దు వీపునకు ఇరుప్రక్కల వ్రేలాడు గోనెకు తెలుగున పెరిక యని పేరు; అట్టి యెద్దు పెరికెద్దు. దారి ఇరుకైనను, వాగు అడ్డమైనను, కనుమ యెక్కవలసి వచ్చినను పెరికెద్దు పోగలదు, బండి పోలేదు.

1800లో ఫ్రాన్సిస్ బుకానన్ మైసూరు దేశమున సంచరించి, తన యాత్రా గ్రంథమును 1807లో ప్రకటించెను. అందు బెంగుళూరు వర్తకమును గూర్చి యిచ్చిన లెక్కలు మన విషయమునకు మిక్కిలి పనికివచ్చును. ఒక సంవత్సరమున నగరమునకు 1500 ఎద్దు బరువుల ప్రత్తి, 230 ఎద్దు బరువుల ముడిపట్టు, 7000 ఎద్దు బరువుల ఉప్పు వచ్చెననియు, 4000 ఎద్దు బరువుల పోకలు, 400 ఎద్దు బరువుల మిరియములు ఎగుమతి యయ్యెననియు అత డెన్నెను. ఇందు సంఖ్యలకంటె కొలమానము ముఖ్యమైనది. వర్తకులు సరకును బండి బరువులతో గాక ఎద్దు బరువులతో లెక్కించుచుండిరి. అనగా ఆనాటి దూరపు వర్తకమునకు ఇరుసు అక్కరలేదు.

యుద్ధమునందు మాత్రము చక్రము తప్పనిసరి యయ్యెను. 1791 మార్చిలో కార్న్‌వాలిస్ సైన్యము బెంగుళూరు పేటను, పిమ్మట కోటను పట్టుకొనెను. అదే సంవత్సరము మే నెలలో శ్రీరంగపట్టణము చేరువకు బోయి, లాగు ఎడ్లు పెక్కులు చచ్చుటచేత, తన పెద్ద ఫిరంగులను తానే పాడుచేసి వెనుకకు మరలవలసి వచ్చెను. మైసూరు సైన్యమునకు అమృతమహల్ జాతి ఎడ్లుండుట ఆ కాలమున గొప్ప బలమని పేరుపొందెను. చక్రముమీది బరువు చివరకు ఎద్దు మెడమీది బరువే యను సంగతి ఈ యుద్ధ చరిత్రవలన స్పష్టమగుచున్నది.

సరకుల బండ్లు పెరుగుటకు బాటలు కావలెను. 1834 మొదలు 1861 వరకు మైసూరునకు కమిషనరుగ నుండిన మార్క్ కబ్బన్ కాలమున వేయి మైళ్లకు మించిన బాటలు, పెక్కు వంతెనలు ఏర్పడెను. 1864లో బెంగుళూరు కంటోన్మెంటునకు జోలార్పేటనుండి రైలు వచ్చెను. రైలు వచ్చినంత ఎద్దుబండి పోవునని మనకు తోచవచ్చును. జరిగినది అందులకు విరుద్ధము. రైలు స్టేషనువరకే సరకును దెచ్చును. స్టేషనునుండి పేటకు, పేటనుండి చుట్టుప్రక్కల సంతలకు బండియే మోయవలెను. కావున రైలుబండి ఎద్దుబండికి పని పెంచినది. ఇట్లు పెరికెద్దు తొలగి, జోడెద్దుల బండి పేట వీథులను నింపెను.

చక్రపు టంగములు, వాని పేర్లు

బండి చక్రమునకు నడుమ కుండ, కుండలో గ్రుచ్చిన ఆకులు, ఆకుల చివర వంపుగ చెక్కిన చుట్టుచెక్కలైన పూటీలు, వానిపై ఇనుప పట్టా ఉండును. కుండ నడిమి రంధ్రమున దూరి రెండు చక్రములను కలుపునది ఇరుసు. చక్రము జారిపోకుండ ఇరుసు కొనయందు బిగించునది కడచీల. ఇరుసు కదలక నిలిచియుండును. కుండ దానిచుట్టు తిరుగును. కుండలోని కొయ్య త్వరగ అరుగకుండ లోపల ఇనుప గొట్టమును దిగవేయుదురు. ఈ గొట్టమే మన పూర్వుల బేరింగు.

సంస్కృతమున ఇరుసునకు అక్షమనియు, కుండకు నాభియనియు, ఆకునకు అరమనియు, పట్టాకు నేమియనియు, చీలకు ఆణియనియు పేర్లు. తమిళమున ఇరుసు అను మాట తెలుగుతో సమానముగ గలదు. కన్నడమున వ్యవహారమందు అచ్చు అను మాట యెక్కువ. ఇది అక్షమునుండి వచ్చినది. కడచీలను కన్నడమున కడాణి యందురు. కందెనకు కన్నడమున కీలెణ్ణె, తమిళమున వండిమై యని పేర్లు. తిరుక్కుఱళ్‌లో చూపునకు అల్పముగ నున్నవారిని హీనముగ నెంచరాదని చెప్పుటకు, పెద్ద రథమును నిలుపు చిన్న చీలయే దృష్టాంతముగ గ్రహింపబడినది. చిక్కపేట వీథిలో ఈ మూడు భాషల బండివారును కలసికొనెడివారు. ఒకే చీలకు మూడు పేర్లు వినబడు చోట పుట్టి పెరిగినవారు పెక్కుమంది గలరు.

కందెన

కొయ్యయో ఇనుమో ఇరుసైనపుడు, దానిపై ఇనుప గొట్టము బరువుతో తిరుగునపుడు ఒరపిడి కలుగును. ఒరపిడివలన వేడిమియు, వేడిమివలన అరుగుదలయు గలుగును. దీనిని తగ్గించుటకు పూయునది కందెన. గడ్డిని కాల్చిన మసిని ఆముదములో కలిపి దీనిని చేయుదురు. ఆముదము ఇతర నూనెలకంటె చిక్కనిది, త్వరగ జారిపోదు. మసి దానిని మరింత చిక్కబరచి, ఇరుసును అంటిపెట్టుకొని యుండునట్లు చేయును. ప్రయాణమునకు ముందు కడచీల తీసి, చక్రమును కొంచెము వెలుపలికి లాగి, ఇరుసునకు కందెన పూసి, మరల చక్రమును త్రోసి చీల బిగింతురు. త్రోవలో పూయుటకు వెదురు గొట్టమునందో కొమ్మునందో కందెనను నింపి బండికి వ్రేలాడగట్టెడివారు.

బండివాడు చక్రమును కంటితో గాక చెవితో పరీక్షించెడివాడు. కీచుమను ధ్వని వచ్చినచో కందెన ఎండినదని అర్థము. ధ్వని లేక చక్రము అటునిటు ఊగినచో గొట్టము అరిగినదని అర్థము. వాగు దాటినపిమ్మట కందెన పూయుట మంచి బండివాని లక్షణము. నీరు కందెనను కడిగివేయుటయే గాక, నీటితో వచ్చిన ఇసుక ఇరుసునకును గొట్టమునకును నడుమ దూరి రెండింటిని ఆకురాయివలె రాచివేయును.

ఈ కందెనకు కావలసిన నూనెను గానుగలవారు ఇచ్చిరి. గాణిగరపేట పేరు వారినిబట్టి వచ్చినదే. మైసూరు దేశపు గాణిగులలో గానుగకు ఒకే యెద్దును గట్టువారిని ఒంటెత్తు గాణిగులందురు. జోడెద్దులను గట్టువారు వేరు. ఇట్లు ఒక ఎద్దు తిప్పిన గానుగనుండి వచ్చిన నూనె మరొక ఎద్దు లాగు బండికి సుఖము గలిగించుచుండెను. పేటలు ఒకదానినొకటి ఎట్లు ఆశ్రయించియుండెనో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి యుదాహరణము లేదు.

కందెన మన సాహిత్యమునకును ఎక్కినది. సుమతీ శతకమున కరణములతో అనుకూలముగ నుండవలెనని చెప్పు పద్యమునందు, కందెన లేని యిరుసు దైవము బండినైనను కదలనీయదను దృష్టాంతము వచ్చును. నీతి యెట్టిదైనను, ఆ యుపమానము పామరునకు సైతము వెంటనే బోధపడుననుట అందు స్పష్టము. ఇంటింట ఇరుసును కందెనయు నుండిన సమాజమున పుట్టిన పద్యమది.

అరిగిన గొట్టమును మార్చు విధము

కందెన యెంత పూసినను కొంతకాలమునకు గొట్టము అరుగక తప్పదు. అరిగిన కొలది రంధ్రము పెద్దదై, చక్రము ఊగులాడి, కుండయే పగులవచ్చును. అప్పుడు బండిని కొయ్య మోపుతో ఎత్తి, చీల తీసి, చక్రమును దింపి, వడ్రంగి పాత గొట్టమును తట్టి వెలుపలికి దీయును. కమ్మరి క్రొత్త గొట్టమును సిద్ధపరచును. వడ్రంగి దానిని కుండ నడుమ తిన్నగ దిగగొట్టి, సందులలో కొయ్య చీలికలను బిగించును. గొట్టము రవంత వంకరగ దిగినను చక్రము వంకరగ తిరుగును. ఇనుప పట్టా వదులైనచో దానిని కొలిమిలో ఎఱ్ఱగ కాల్చి, వ్యాకోచించి యున్నపుడు పూటీలపై తొడిగి, నీళ్లు పోయుదురు. పట్టా చల్లబడి సంకోచించి చక్రమునంతను బిగించును.

ఈ పనికి వలసిన కొయ్య ఊరి తుమ్మ చెట్టున నున్నది. ఇనుమును మలచు కొలిమి ఊరిలో నున్నది. పనివానికి కూలి పంటనాడు ధాన్యరూపమున ముట్టుచుండెను. చేతిలో ఒక్క రూపాయి లేని రైతు సైతము బండిని మరునాటికి నడిపించుకొనగలిగెను. ఈ సౌకర్యమును మనము మరవరాదు. తరువాతి కథ యంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

దేశాంతరముల బేరింగు

జారుడు ఒరపిడికంటె దొరలుడు ఒరపిడి తక్కువ. ఇరుసునకును కుండకును నడుమ గుండ్లను గాని రోలర్లను గాని పెట్టినచో, ఒకటి మరొకదానిపై రాచుకొనుటకు బదులు దొరలును. ఇదియే బేరింగు తత్త్వము. వేల్సు దేశమున కార్మార్థెన్ పట్టణమునకు జెందిన ఫిలిప్ వాగన్ అను ఇనుప పనుల యజమాని 1794లో బండి యిరుసునకు గుండ్ల బేరింగును అమర్చు విధానమునకు పేటెంటు పొందెను. అమెరికాలో గుఱ్ఱపు బండ్లు చేయు హెన్రీ టిమ్కెన్ 1898లో ఏటవాలు రోలర్ల బేరింగునకు పేటెంటు పొందెను. బండి మలుపు తిరుగునపుడు చక్రముపై ప్రక్కనుండి పడు త్రోపుడును ఇట్టి బేరింగు భరించును. స్వీడను దేశమున గోటెబోర్గునందలి బట్టల మిల్లులో పనిచేయు స్వెన్ వింగ్‌క్విస్ట్, మిల్లు యంత్రముల బేరింగులు మాటిమాటికి చెడుట గమనించి, తనంతట తాను సర్దుకొను బేరింగును కల్పించి, 1907లో ఎస్‌.కె.ఎఫ్. సంస్థకు కారకుడయ్యెను.

ఈ మువ్వురిలో ఇద్దరు బండినిగూర్చి యోచించినవారు. ఒకడు బట్టల మిల్లువాడు. బండ్లును బట్టలును చిక్కపేటలోను నిండుగ నుండెను. అయినను బేరింగు ఇక్కడి బండికి రాలేదు. దీనికి రెండు కారణములు గలవు.

మొదటిది చక్రపు పెద్దతనము. మన బండి చక్రము మనిషి భుజముదాక వచ్చును. ఇరుసు వ్యాసార్ధము 1 అంగుళము, చక్రపు వ్యాసార్ధము 30 అంగుళములు అనుకొందము. ఇరుసువద్ద పుట్టిన ఒరపిడిలో 30వ వంతు మాత్రమే ఎద్దుల లాగుడునకు అడ్డు తగులును. మిగిలిన కష్టమంతయు బురద, గతుకులు, ఇసుక వలన కలుగునది. కావున పెద్ద చక్రమున్న బండికి బేరింగు పెట్టినను లాభము స్వల్పము. చక్రపు వ్యాసార్ధమును 15 అంగుళములకు తగ్గించినచో అడ్డు 15వ వంతై, రెట్టింపగును. అప్పుడు బేరింగు అవసరము కలుగును. మన వడ్రంగులు ఈ గణితమును కాగితముపై వేయకున్నను, పెద్ద చక్రము చేసి దాని ఫలమును పొందిరి.

రెండవది మరమ్మతు. గొట్టము చెడినచో ఊరి కమ్మరి చేయగలడు. గట్టి ఉక్కుతో వెండ్రుకవాసి తేడా లేకుండ అరగదీసిన బేరింగును కమ్మరి చేయలేడు. దానిని రొక్కమిచ్చి పట్టణమున కొనవలెను. నాట్ల కాలమునగాని కోతల కాలమునగాని బేరింగు చెడి, పట్టణము 40 మైళ్ల దూరమున నున్నచో, ఆ బండి ఇంటిముందు కొయ్యయై పడియుండును. రైతు బేరింగును వలదనుకొనుట అజ్ఞానము కాదు. తన చేరువ నెవరున్నారో తెలిసిన వివేకము.

టైరు బండి

1930 దశకమునుండి గాలి నింపిన రబ్బరు టైర్ల చక్రములు బండ్లకు వచ్చినవి. ఇనుప పట్టాలు క్రొత్త తారు బాటలను కోసివేయుచుండుటచేత టైరు బండికి ప్రోత్సాహము కలిగెను. టైరు చక్రము చిన్నది. కావున పైన చెప్పిన గణితము ప్రకారము దానికి బేరింగు తప్పనిసరి యయ్యెను. 1946లో జైపూరునందు నేషనల్ బేరింగ్ కంపెనీ స్థాపింపబడుటతో ఈ దేశముననే బేరింగుల తయారీ మొదలుపెట్టుటకు మార్గ మేర్పడెను. మోటారు వాహనములు పెరుగుటతో పాత మోటార్ల ఇరుసులు, చక్రములు, బేరింగులు గుజరి అంగళ్లలో చవుకగ దొరుకసాగెను. పల్లెల పనివారు వానిని కొని బండ్లకు అమర్చిరి. అనగా బేరింగు మన బండికి పేటెంటు గ్రంథమునుండి రాలేదు. గుజరి దుకాణమునుండి వచ్చినది.

ఈ విషయమున బెంగుళూరు మరియొక రీతిగ ప్రసిద్ధి కెక్కెను. ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ 1973లో ఏర్పడెను. దాని మొదటి డైరెక్టరైన ఎన్‌.ఎస్‌. రామస్వామి ఎద్దుబండిని శాస్త్రీయముగ పరిశీలింప బూనెను. దేశమున 1.5 కోట్ల బండ్లు గలవని అంచనా వేసి, వాని కాడిని, చక్రమును, ఇరుసును సంస్కరించినచో ఎద్దుల బాధ తగ్గి, రైతు రాబడి పెరుగునని వాదించెను. 1981లో ఈ పనికై కార్ట్‌మన్ అను సంస్థను నెలకొల్పెను. పెద్ద పరిశ్రమల నిర్వహణ నేర్పు విద్యాలయపు అధిపతి కాడి క్రింద పుండుపడిన ఎద్దు మెడను గూర్చి యోచించుట అప్పుడు కొందరికి వింతగ తోచియుండవచ్చును. పేట పుట్టుకనే ఎద్దు చాళ్లతో చెప్పుకొను నగరమున అది వింత కాదు.

బేరింగును కాపాడు విధము

బేరింగు వచ్చినంత మాత్రమున కాపాడు పని తప్పలేదు. దాని రూపము మాత్రము మారినది. టైరు బండి చక్రమునైనను, మోటారు వెనుక కట్టి లాగు బండి చక్రమునైనను పరీక్షించు విధము సామాన్యముగ ఒక్కటే. కొంతదూరము నడిచిన పిమ్మట కుండపై చేయి పెట్టి చూడవలెను. చేయి పెట్టలేనంత వేడి యున్నచో గ్రీజు తక్కువయైనదో, నట్టు ఎక్కువ బిగిసినదో, బేరింగు చెడినదో అని గ్రహింపవలెను. చక్రమును జాకీతో ఎత్తి, రెండు చేతులతో పట్టి ఊపవలెను. ఊగినచో సడలినదని అర్థము. చేతితో త్రిప్పగా గరగరమను ధ్వని వచ్చినచో లోపల రోలర్లు దెబ్బతినినవని యర్థము. ప్రాతవాని చెవి పరీక్ష ఇక్కడను పనికివచ్చుచున్నది.

మార్చవలసి వచ్చినపుడు చివరి మూతను తీసి, కాటర్ పిన్ను లాగి, నట్టు విప్పి, వెలుపలి బేరింగును తీసి, కుండను మెల్లగ దింపవలెను. పాత గ్రీజును కిరోసినుతో కడిగి తుడిచి, రోలర్లను, అవి దొరలు ఉక్కు కడియములను వెలుతురున చూడవలెను. గుంటలు, నీలిరంగు మచ్చలు, గీతలు కనబడినచో బేరింగును, దాని కడియమును రెండింటిని కలిపి మార్చవలెను. ఒకదానిని మార్చి ఒకదానిని ఉంచరాదు. కడియమును ఒకే ప్రక్క గొట్టక చుట్టు సమముగ తట్టుచు తిన్నగ దింపవలెను. వంకరగ దిగిన గొట్టమును గూర్చి వడ్రంగి పడిన జాగ్రత్తయే ఇది. గ్రీజును పైపైన పూయక, ప్రతి రోలరు సందులోనికి అరచేతితో నొక్కి నింపవలెను. నట్టును చక్రము త్రిప్పుచు బిగించి, పిమ్మట కొంచెము సడలించి, ఊగులాట లేక సులువుగ తిరుగు చోట నిలుపవలెను. కాటర్ పిన్ను, లోపలి రబ్బరు సీలు ప్రతిసారియు క్రొత్తవి వేయుట మేలు.

నీటియందు దిగు చక్రమునకు ఈ జాగ్రత్త మరింత అవసరము. పడవను మోసికొని పోయి చెరువులోనికి దింపు బండి దీనికి మంచి నిదర్శనము. దూరము నడిచి వేడెక్కిన కుండ చల్లని నీట మునుగగానే లోపలి గాలి సంకోచించి, సీలు సందునుండి నీటిని లోనికి పీల్చుకొనును. నీరు కలిసిన గ్రీజు పాలవలె తెల్లబడును. ఉక్కు త్రుప్పు పట్టును. మరుసటి ప్రయాణమున బేరింగు విఱుగును. కావున అట్టి బండ్ల చక్రములను నీట దింపుటకు ముందు కొంతసేపు చల్లారనీయవలెను. ఏటేట విప్పి, కడిగి, గ్రీజు మార్చవలెను. వాగు దాటిన పిమ్మట కందెన పూసిన బండివాడు ఈ సూత్రమునే పాటించెను.

నేటి పేట, మన కర్తవ్యము

నేడు చిక్కపేటలో ఎద్దుబండి అరుదైన దృశ్యము. సరకు ఆటోలలోను, టెంపోలలోను, తోపుడు బండ్లమీదను, కూలీల తలలమీదను కదలుచున్నది. 2017లో చిక్కపేట భూగర్భమున మెట్రో స్టేషను తెరువబడెను. ఇరుకు వీథుల క్రింద ఇప్పుడు రైలు చక్రములు తిరుగుచున్నవి. చేరువనున్న సదర్ పత్రప్ప రోడ్డు, జయచామరాజేంద్ర రోడ్డులందు ఇనుప సామగ్రి, మోటారు భాగములు అమ్ము అంగళ్లు వరుసలుగ నున్నవి. ఒకప్పుడు ఊరూర నుండిన వడ్రంగి, కమ్మరుల స్థానమును ఈ వీథులు పొందినవి. పాత బేరింగును చేత బట్టుకొని వచ్చినవానికి దానిపై చెక్కిన అంకెను చూచి అంగడివాడు క్రొత్తదాని నందించును. బేరింగు మన నేలపై స్థిరపడుటకు ఇట్టి చేరువయే కారణము. ఇది నేను మొదట చేసిన ప్రతిపాదనకు సాక్ష్యము.

లాభముతో బాటు నష్టమును చెప్పవలెను. నేటి బేరింగులు పెక్కు పూర్తిగ మూసివేయబడి వచ్చును. వానికి గ్రీజు పూయనక్కరలేదు. చెడినపుడు తీసి పారవేయుటయే. ఎద్దు మెడకు, మనిషి చేతికి ఇది సుఖమే. కాని కాపాడు పని పోయినపుడు ఆ పనికి సంబంధించిన మాటలును పోవుచున్నవి. ఈ నగరమున తెలుగు చదువు పిల్లలకు శతకపద్యములు పాఠముగ చెప్పు ఉపాధ్యాయులకు ఇది నిత్యానుభవము. పిల్లలు పద్యమును తప్పులేక అప్పగింతురు. కందెన యననేమని అడిగినచో మౌనము వహింతురు. బేరింగు, గ్రీజు అను మాటలు వారికి తెలియును. గ్రీజే కందెన యని చెప్పినంతనే పద్యము వారికి వెలుగును. మాటకును వస్తువునకును నడుమ తెగిన లంకె ఒక్క వాక్యముతో అతుకును. ఆ వాక్యము చెప్పగలవారు నేడు మిగిలియున్నారు; రేపు ఎందరుందురో చెప్పజాలము.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును, వ్యవసాయ పదములతో, 1962లో ప్రకటించెను. పండితులు పల్లెలకు బోయి, పనివారి నోట విన్న మాటలను ఎక్కడి మాట ఎక్కడిదో గుర్తించి వ్రాసికొనిరి. ఆ పద్ధతినే అనుసరించి బెంగుళూరు పేటలలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను నివసించు తెలుగు వడ్రంగులు, కమ్మరులు, గానుగవారు, మోటారు మరమ్మతుల వారు వాడు మాటలను సేకరించుట మన సంఘములు చేయదగిన పని. కన్నడ, తమిళ పదములతో కలిసి ఇక్కడి తెలుగు పొందిన రూపములు ఆంధ్ర, తెలంగాణములందు దొరకవు, ఇక్కడనే దొరకును. అందులకు పెద్ద నిధులు అక్కరలేదు. వృద్ధులైన పనివారి యొద్దకు పోయి, పనిముట్టును చూపి, దాని పేరడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొను ఓపికగల యువకులు పదిమంది చాలుదురు. ఈ సంచికను చదువు పెద్దలు తమ యింట బండి నడపినవారు, చక్రము చేసినవారు, నూనె గానుగ త్రిప్పినవారు ఎవరైన నున్నచో ముందుగ వారినే అడిగి వ్రాసియుంచవలెనని నా ప్రార్థన.